ఇంటి కంప్యూటర్‌కు కావలివాడు

పిల్లలూ! ఈ నెల నాకు అందిన ప్రశ్నల్లో చాలా భాగం ఒకే సంగతి గురించి వచ్చాయి. మా నెక్కొండలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె అందరికంటే సూటిగా అడిగింది: "సార్, పత్తి అమ్మిన పైసలతోని మా బాపు పాత కంప్యూటర్ కొన్నడు. దానికి యాంటీవైరస్ ఏది వేయించాలె? దుకాణంల ఒకటి చెప్తున్నరు, మా అన్న ఇంకొకటి చెప్తున్నడు."

ఈ ప్రశ్నకు ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కాని ఇవాళ చెప్పిన పేరు రెండేళ్లకు పాతబడుతుంది. ఎంచుకునే పద్ధతి తెలిస్తే అది ఎప్పటికీ పనికివస్తుంది. చేనుకు కావలి పెట్టేవాడు ముందు ఏం చూస్తాడు? చేను మీద పడేవి పక్షులా, అడవిపందులా, మనుషులా అని చూస్తాడు. పక్షులకైతే మంచె మీద కూర్చుని వడిసెల తిప్పే కుర్రవాడు చాలు. అడవిపందులకు వాడు చాలడు. కనక మన కంప్యూటర్ మీద పడేవాళ్లెవరో ముందు తెలుసుకుందాం.

కంప్యూటర్ తనంతట తాను ఏ పనీ చేయదు. ఎవరో రాసిపెట్టిన ఆజ్ఞలను వరసగా పాటిస్తుంది, అంతే. ఈ ఆజ్ఞల కట్టనే ప్రోగ్రాం అంటారు. మంచివాడు రాసిన ఆజ్ఞ ఏదో, దొంగ రాసిన ఆజ్ఞ ఏదో దానికి తెలియదు. ఇతర ప్రోగ్రాంలకు అంటుకుని, తన నకళ్లు తానే తీసుకుంటూ ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకే ప్రోగ్రాంకు వైరస్ అని పేరు పెట్టారు. జలుబు తెచ్చే వైరస్ కూడా ఇట్లాగే మన శరీరంలోని కణాలచేత తన నకళ్లు తీయిస్తుంది గదా!

మామూలు పర్సనల్ కంప్యూటర్లలో మొట్టమొదట లోకమంతా వ్యాపించిన వైరస్ 1986లో మన పొరుగునే, లాహోర్‌లో పుట్టింది. దాని పేరు బ్రెయిన్. బాసిత్, అంజద్ అనే ఇద్దరు అన్నదమ్ములు దాన్ని రాశారు. తాము అమ్మే ప్రోగ్రాంను ఎవరూ దొంగ నకళ్లు తీయకూడదని వాళ్ల ఉద్దేశం. విచిత్రమేమంటే ఆ వైరస్ లోపల తమ పేర్లు, దుకాణం చిరునామా, టెలిఫోను నంబర్లు కూడా రాసిపెట్టి, విరుగుడు కావాలంటే మమ్మల్ని అడగండి అన్నారు! ఆ తరవాత వచ్చినవాళ్లు చాలావరకు చిరునామా ఇవ్వలేదు.

ఎందుకంటే తరవాతివాళ్లలో చాలామంది డబ్బు కోసం వచ్చారు. వాళ్లలో ఒక రకం వేగులవాళ్లు. స్పైవేర్ అంటే ఇదే. రాజుల కథల్లో మారువేషం వేసుకుని కోటలో తిరిగే వేగులవాడు కోట గోడను పడగొట్టడు, ఎవరినీ కొట్టడు. చూసినదాన్ని శత్రువుకు చెబుతాడు. స్పైవేర్ కూడా అంతే. కంప్యూటర్ బాగానే పనిచేస్తూ ఉంటుంది. మీ అమ్మ మహిళా సంఘం లెక్క చూసుకోవడానికి బ్యాంకు పేజీ తెరిచి, పాస్‌వర్డ్ కొడితే, ఏయే మీటలు నొక్కిందో అది రాసుకుని ఎక్కడికో పంపుతుంది.

రెండో రకం తాళం వేసేవాళ్లు. వీళ్లు మీ ఫొటోలను, కాగితాలను ఎత్తుకుపోరు. వాటిని మీ ఇంట్లోనే ఉంచి, ఎవరూ విప్పలేని సంకేతలిపిలోకి మార్చేస్తారు. తిరిగి చదవాలంటే సొమ్ము కట్టమంటారు. దీన్ని రాన్సమ్‌వేర్ అంటారు. ఇదెక్కడో అమెరికాలో జరిగే సంగతి అనుకోకండి. 2019 వేసవిలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ కరెంటు పంపిణీ చేసే సంస్థల వెబ్‌సైట్లు ఇటువంటి దాడివల్లనే ఆగిపోయాయి. వాటిలో హనుమకొండలో కేంద్ర కార్యాలయం ఉండి, మా నెక్కొండకు కరెంటు ఇచ్చే ఉత్తర తెలంగాణ సంస్థ కూడా ఒకటి.

అంతకు రెండేళ్ల ముందు, 2017 మే 12న, వాన్నాక్రై అనే మహమ్మారి లేచింది. నూటయాభై దేశాల్లో లక్షల కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. ఒక్కొక్క కంప్యూటర్‌కు 300 డాలర్లు ఇమ్మన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా అది సోకింది. దొంగలను పట్టేవాళ్ల ఇంట్లోనే దొంగ దూరాడన్నమాట! అయితే ఇక్కడ మీరు బాగా గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ దొంగ విండోస్‌లో ఉన్న ఒక పగులు గుండా వచ్చాడు. ఆ పగులు పూడ్చే మట్టిని, అంటే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ కంపెనీ 2017 మార్చి 14నే పంపింది. దాడి జరిగినది ఎన్ని రోజుల తరవాతో లెక్క కట్టండి. 59 రోజులు! ఆ 59 రోజుల్లో మట్టి వేసుకున్నవాళ్ల ఇంట్లోకి ఆ దొంగ ఆ దారిన రాలేకపోయాడు. మరీ పాతబడిన విండోస్ ఎక్స్‌పీ వంటివాటికి ఆ మట్టి మామూలుగా అందనే లేదు. కంపెనీ వాటికి అప్‌డేట్లు పంపడం 2014లోనే మానేసింది. దాడి మొదలైన తరవాతనే వాటికి కూడా ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ విడుదల చేశారు.

అందుచేత ఆ అమ్మాయికి నేను వేసిన మొదటి ఎదురు ప్రశ్న, "మీ కంప్యూటర్‌లో విండోస్ ఎన్నో నంబరు?" అని. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 10 ఉంటుంది. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విడిగా పేరు నమోదు చేసుకున్న ఇళ్లవారికి మాత్రం 2026 అక్టోబరు 13 దాకా గడువు ఇచ్చారు. పాత కంప్యూటర్ కొనే పెద్దలు ముందు ఈ సంగతి అడగాలి. గోడ కూలిన ఇంటికి ఎంత ఖరీదైన కావలివాణ్ణి పెట్టినా ఏం లాభం?

సరే, ఇప్పుడు కావలివాడి పని చూద్దాం. యాంటీవైరస్‌కు దొంగను గుర్తుపట్టే విద్యలు ముఖ్యంగా రెండున్నాయి. మొదటిది, పోలీస్ స్టేషన్లో పాత దొంగల ఫొటోలు అంటించినట్టు, ఇదివరకు పట్టుబడిన వైరస్‌ల గుర్తుల జాబితా దగ్గర ఉంచుకుని, వచ్చిన ప్రతి ఫైలునూ దానితో పోల్చి చూడడం. రోజూ కొత్త దొంగలు పుడుతూ ఉంటారు గనక ఈ జాబితా రోజూ కొత్తది రావాలి. నెలరోజుల పాత జాబితాతో కూర్చున్న యాంటీవైరస్ సగం గుడ్డిదే. రెండో విద్య, ముఖం తెలియనివాడి నడత చూడడం. ఒక ప్రోగ్రాం ఇంట్లోకి వస్తూనే వందల ఫొటోలను గబగబా మార్చేస్తున్నదంటే, వాడి ఫొటో జాబితాలో లేకపోయినా పట్టుకోవలసిందే.

వీటికి తలకిందులైన పద్ధతి ఇంకొకటున్నది. దొంగల జాబితా కాకుండా, ఇంట్లోవాళ్ల జాబితా పెట్టుకుని, అందులో లేనివాణ్ణి గడప దాటనివ్వకపోవడం. హైదరాబాదులోని సీడాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థవారు ఈ పద్ధతిలో 'యాప్ సంవిద్' అనే ప్రోగ్రాం తయారు చేశారు. పెన్‌డ్రైవ్‌ల మీద అదుపు పెట్టడానికి 'యూఎస్‌బీ ప్రతిరోధ్' అని మరొకటి చేశారు. 2017 ఫిబ్రవరి 21న కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు వీటిని ప్రజలకు ఉచితంగా ఇచ్చింది. మన హైదరాబాదులో తయారైనవి గనక ఈ పేర్లు గుర్తుంచుకోండి.

ఇక ఎంపిక. యాంటీవైరస్‌కు మీరు ఇచ్చే అధికారం ఎంతటిదో ఎప్పుడైనా ఆలోచించారా? ప్రతి ఫైలునూ అది విప్పి చూస్తుంది. మీరు ఏ పేజీ తెరిచినా పక్కన నిలబడి చూస్తుంది. ఏ ప్రోగ్రాంనైనా ఆపగలదు. అంటే ఇంట్లోని అన్ని తాళంచెవులూ దాని చేతికి ఇచ్చామన్నమాట. కనక "ఎవడు బలవంతుడు?" అనే ప్రశ్న కంటే "ఎవడు నమ్మదగినవాడు? వాడికి జీతం ఎక్కణ్ణుంచి వస్తున్నది?" అనేది పెద్ద ప్రశ్న.

దీనికి రెండు నిజమైన సంగతులు చెబుతాను. అవాస్ట్ అనే కంపెనీ చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో పుట్టింది. దాని ఉచిత యాంటీవైరస్‌ను మన దేశంలో కూడా ఎందరో వాడారు. తన ప్రోగ్రాం వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఏయే పేజీలు చూశారో ఆ కంపెనీ పోగుచేసి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా ఇతర కంపెనీలకు అమ్మింది. సంగతి బయటపడ్డాక 2020 జనవరిలో ఆ సంస్థను మూసివేశారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు వ్యాపార సంఘం దీనికి కోటీ 65 లక్షల డాలర్లు కట్టాలన్నది. వేగులవాళ్లను పట్టవలసినవాడే వేగు నడిపాడు! ఉచితమైనవన్నీ ఇటువంటివని నేననడం లేదు. ఉచితంగా ఇచ్చేవాడు తన ఖర్చు ఎట్లా రాబట్టుకుంటున్నాడో అడగమంటున్నాను, అంతే.

రెండోది, మంచివాడు పొరపాటు చేసినా ఎంత నష్టమో చెప్పే సంగతి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ, పెద్దపెద్ద ఆఫీసులకు తానిచ్చే రక్షణ ప్రోగ్రాంకు, తప్పు ఉన్న అప్‌డేట్ ఒకటి పంపింది. ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర పట్టి కూర్చున్నాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసి ఇచ్చారు. చేతిరాత మానకండి అని నేను మీకు ఊరికే చెప్పలేదు!

మరి ఆ అమ్మాయి ఏది వేయించాలి? చాలామందికి తెలియని సంగతేమిటంటే, వాళ్ల కంప్యూటర్‌లో ఇప్పటికే ఒక కావలివాడున్నాడు. వాడి పేరు డిఫెండర్. మొదట్లో, అంటే ఇరవై ఏళ్ల కిందట, అతను వేగులవాళ్లను మాత్రమే పట్టేవాడు. మైక్రోసాఫ్ట్‌వారు 2004 చివరలో జయంట్ అనే చిన్న కంపెనీని కొని, దాని యాంటీ స్పైవేర్‌ను తమదిగా చేసుకున్నారు. ఆ రోజుల్లో వైరస్‌కు ఒకటి, స్పైవేర్‌కు ఒకటి విడివిడిగా వేయించేవాళ్లు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి డిఫెండర్ రెండు పనులూ చేస్తున్నాడు. ఇతర మంచి యాంటీవైరస్‌లు కూడా అంతే. కనక "దీనికి తోడు యాంటీ స్పైవేర్ కూడా కొనండి" అని ఎవరైనా విడిగా డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు.

డిఫెండర్ సమర్థుడేనా? దీనికి పరీక్షలున్నాయి. జర్మనీలో మగ్డెబర్గ్ అనే ఊళ్లో ఏవీ-టెస్ట్ అనే సంస్థ, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారెటివ్స్ అనే సంస్థ ఉన్నాయి. వీళ్ల పనల్లా యాంటీవైరస్‌లకు పరీక్షలు పెట్టడమే. ఏవీ-టెస్ట్‌వారి ప్రశ్నపత్రం నాకు ఎంతో నచ్చింది. మూడు సబ్జెక్టులు, ఒక్కొక్కదానికి 6 మార్కులు, మొత్తం 18. దొంగను పట్టడం ఒకటి. కంప్యూటర్‌ను మందగించనివ్వకపోవడం రెండు. అమాయకులను దొంగలని కేకలు వేయకపోవడం మూడు. ఈ మూడోదానికి కూడా సమానంగా మార్కులివ్వడం న్యాయం. ఊరికే మొరిగే కుక్క మాట ఇంట్లో ఎవరూ వినరు. నిజంగా దొంగ వచ్చిన నాడు కూడా పడుకునే ఉంటారు. ఇటీవలి సంవత్సరాల్లో డిఫెండర్ ఈ పరీక్షలో ఎన్నోసార్లు పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. ఇంటర్నెట్ లేనప్పుడు మాత్రం అతని చురుకుదనం తగ్గినట్టు ఏవీ-కంపారెటివ్స్ పరీక్షల్లో తేలింది. ఇంటర్నెట్ లేకుండా ఎక్కువగా పెన్‌డ్రైవ్‌ల మీదనే పని నడిపే ఇల్లయితే ఈ లోపాన్ని లెక్కలోకి తీసుకోవలసిందే. ఒక్క పరీక్షలో ఫస్టు వచ్చినవాణ్ణి చూసి మోసపోకండి. నాలుగైదు పరీక్షల్లో నిలకడగా మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి చూడండి. పిల్లల విషయంలో కూడా నేను అట్లాగే చూసేవాణ్ణి.

డబ్బిచ్చి కొనదలచిన పెద్దలకు మన దేశపు కంపెనీలు కూడా ఉన్నాయి. చెన్నైలోని కే7 సంస్థ 1991లోనే మొదలైంది. పుణేలోని క్విక్ హీల్ కథ ఇంకా బాగుంటుంది. కైలాశ్ కాట్కర్ అనే ఆయన కాల్క్యులేటర్లు బాగుచేసే దుకాణం నడుపుతూ, తమ్ముడు సంజయ్‌ని కంప్యూటర్ చదువుకు పంపాడు. మరమ్మతుకు వచ్చే కంప్యూటర్లలో వైరస్‌లు ఎక్కువ కావడం చూసి ఆ తమ్ముడు విరుగుడు ప్రోగ్రాం రాశాడు. దానినుంచే ఆ కంపెనీ పెరిగింది. ఏది కొన్నా, మొదటి ఏడాది ధర ఒకటి, రెండో ఏడాది ధర మరొకటి ఉండవచ్చు గనక ఆ రెండో ధర ముందే అడగండి. డబ్బిచ్చి కొనడంలో లాభం ఎక్కువగా అదనపు సదుపాయాల్లోనూ, ఇబ్బంది వచ్చినప్పుడు అడగడానికి మనిషి దొరకడంలోనూ ఉన్నది. నా మటుకు నేను, పత్తి ధర బాగాలేని ఏడు ఒక రైతింటివారు ఆ డబ్బు ఇందుకు ఖర్చు చేయనక్కరలేదనే అంటాను. ఉన్న డిఫెండర్‌ను మేలుకొలిపి ఉంచుకుంటే చాలు.

ఒక ఇంటికి ఒక్క యాంటీవైరస్సే ఉండాలి సుమా! రెండు పెడితే ఒకదాన్నొకటి అనుమానించుకుని, కంప్యూటర్‌ను కదలనివ్వవు. వేరొకటి వేయించినప్పుడు డిఫెండర్ సాధారణంగా తానే పక్కకు తప్పుకుంటాడు. ఆ వేరొకదాని గడువు తీరిపోయి, అది మూలన నిద్రపోతూ ఉంటే మాత్రం దాన్ని పూర్తిగా తీసివేయండి.

ఎంచుకోకూడనివి మూడున్నాయి. వీటి విషయంలో పెద్దల కంటే పిల్లలే ఎక్కువ మోసపోతారు గనక జాగ్రత్తగా వినండి. ఇంటర్నెట్‌లో ఏదో పేజీ చూస్తూంటే ఒక్కసారిగా ఎర్రటి బొమ్మ వచ్చి, "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి, వెంటనే ఇది దించుకోండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటుంది. ఒక వెబ్ పేజీ మీ కంప్యూటర్ లోపల వైరస్‌లు వెతికి లెక్కపెట్టలేదు. అది అబద్ధం. ఆ పేజీని మూసివేయండి. మూయనివ్వకపోతే కంప్యూటర్‌నే ఆపివేయండి. ఇప్పటికే డబ్బు పోయినట్టయితే పెద్దవాళ్లు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. నిమిషాలు గడిచినకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

రెండోది, ఎవరో తాళం పగలగొట్టి పంచే "ఫుల్ వెర్షన్" యాంటీవైరస్. ఒక పట్నంలో ఒక దుకాణంవాడు నాకే వంద రూపాయలకు అటువంటిది వేస్తానన్నాడు. దొంగసొత్తుగా వచ్చిన కావలికుక్కను ఇంటి ముందు కట్టుకుంటామా?

మూడోది ఆటలు. ఖరీదైన ఆటను ఉచితంగా ఇస్తామనే చోట్ల సాధారణంగా ఒక షరతు రాసి ఉంటుంది: "ముందు మీ యాంటీవైరస్ ఆపివేయండి." వచ్చే చుట్టం "నేను రాకముందే మీ కుక్కను కట్టేయండి, మీ కావలివాణ్ణి ఊరికి పంపండి" అని కబురు పెడితే మీరేమనుకుంటారు?

ఆ అమ్మాయి ఇంట్లో ఏం చేయమన్నానో చెబుతాను. ముందుగా 'విండోస్ సెక్యూరిటీ' అనే పేజీ తెరిచి, వైరస్ రక్షణ అనేచోట పచ్చగుర్తు ఉన్నదో లేదో చూసుకోమన్నాను. పాత కంప్యూటర్ గనక, ఇదివరకటి యజమాని తాలూకు చెత్త ఉండవచ్చు. ఒకసారి 'ఆఫ్‌లైన్ స్కాన్' చేయమన్నాను. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది గనక దాక్కున్న దొంగ తప్పించుకోవడం కష్టం. పావుగంట పడుతుంది. వాళ్ల బాపు పేరు మీద యజమాని ఖాతా ఒకటి, పిల్లలకు మామూలు ఖాతా ఒకటి పెట్టమన్నాను. మామూలు ఖాతాలో ఉన్నప్పుడు పెద్ద మార్పులు చేసే ఏ ప్రోగ్రాం ఎక్కాలన్నా యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ ఒక్క ఏర్పాటు ఎంతో అనర్థాన్ని ఆపుతుంది, ఖర్చు దమ్మిడీ లేదు.

తరవాత పెన్‌డ్రైవ్. జిరాక్సు దుకాణంలో, ఇంటర్నెట్ సెంటర్లో, ఫొటోలు తీయించుకున్న చోట, నలుగురి కంప్యూటర్లకూ తగిలించి తెచ్చినదాన్ని ఇంట్లో పెట్టగానే తెరవకూడదు. బొమ్మ మీద కుడివైపు మీట నొక్కి, ముందు స్కాన్ చేయాలి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే వాటిని నొక్కవద్దు. అది వైరస్ చేసే పని. అసలు ఫైళ్లు సాధారణంగా దాచబడి లోపలే ఉంటాయి గనక కంగారుపడి పెన్‌డ్రైవ్‌ను చెరిపివేయకండి.

ఇన్ని చేసినా తాళం వేసే దొంగ ఏదో ఒక నాడు రావచ్చు. వాన్నాక్రై నాడు వేరే చోట నకలు దాచుకున్నవాళ్లు, కంప్యూటర్‌ను శుభ్రం చేసుకుని, తమ కాగితాలు తెచ్చి పెట్టుకోగలిగారు. పొలం కాగితాల ఫొటోలు, సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు, అన్న ప్రాజెక్టు, ఇవన్నీ నెలకొకసారి వేరే డ్రైవ్‌లోకి నకలు తీసి, ఆ డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టమన్నాను. తగిలించి ఉంచితే దానికి కూడా తాళం పడుతుంది.

ఇంతా విని ఆ అమ్మాయి తమ్ముడు, ఆరో తరగతివాడు, "మరి డిఫెండర్ మేలుకొని ఉన్నడో నిద్రపోతున్నడో ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి ఐకార్ పరీక్ష అని ఒకటున్నది. 68 అక్షరాలు గల ఒక చిన్న వరస. దానివల్ల ఏ హానీ లేదు. కాని దాన్ని చూడగానే వైరస్‌ను చూసినట్టు కేక వేయాలని యాంటీవైరస్‌లు చేసేవాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఐకార్ సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచి ఆ ఫైలు దించి చూడండి. కావలివాడు మేలుకొని ఉంటే ఫైలు పూర్తిగా దిగనే దిగదు. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయండి. బడి కంప్యూటర్ మీద మాత్రం చేయకండి. అది కేక వేస్తే మీ సారు కంగారుపడతారు.